బేరం కుదిరాక మధ్యలో దూరినవాడు

పోయిన ఎపిసోడ్ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో సగానికి పైగా ఒకే ప్రశ్న. ఊర్లు వేరు, మనుషులు వేరు, కథ ఒకటే. "అన్నా, ఊర్లో స్థలం బేరం కుదుర్చుకున్నాం. అడ్వాన్స్ ఇచ్చినాం. నేను లీవు మీద పోయి రిజిస్టర్ చేపించుకునేలోపల ఇంకొకడొచ్చి సెంటుకు ఎక్కువిచ్చి రాయించుకున్నాడు. అమ్మినోడు మోసం చేసినాడు, సరే. ఆ కొన్నోడిని ఏమీ చేయలేమా? వాడికి అంతా తెలుసు గదా?"

ఆ ఆఖరి మాట పట్టుకుంటే చాలు. "వాడికి తెలుసు గదా" అన్న నాలుగు ముక్కల మీద లండన్ కోర్టుల నుంచి అమెరికా కోర్టుల దాకా, అక్కడి నుంచి మన ఢిల్లీ సుప్రీంకోర్టు దాకా చాలా పెద్ద చరిత్రే ఉంది. ఎపిసోడ్‌లో టైం చాలక పరుగెత్తించేశాను. ఇక్కడ నిదానంగా చెప్తా. నేను లాయర్‌ని కాదు, సైట్ సూపర్‌వైజర్‌ని. కాబట్టి ఇది చదివి కేసు వేయొద్దు, ఇది చదివి లాయర్ దగ్గరికి పోండి.

కువైట్‌లో ఉన్నవాళ్ళకి వఫ్రా తెలియకుండా ఉండదు. దక్షిణాన సౌదీ బోర్డర్ పక్కన, ఒకవైపు కూరగాయల తోటలు, ఇంకోవైపు ఆయిల్ బావులు. ఆ ప్రాంతం ఒకప్పుడు న్యూట్రల్ జోన్, అంటే కువైట్‌కీ సౌదీకీ ఉమ్మడి నేల. 1949లో సౌదీ వాటాలో ఆయిల్ తవ్వుకునే హక్కుని జె. పాల్ గెట్టీ అనే అమెరికా ఆయన కొనుక్కున్నాడు. 1953లో వఫ్రాలో ఆయిల్ పడింది. ఆ తర్వాత గెట్టీ ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. 1976లో చనిపోయాడు. ఆయన వదిలిపోయిన గెట్టీ ఆయిల్ కంపెనీ అమ్మకం దగ్గరే మన కథ మొదలవుతుంది. బేరం కుదిరాక మధ్యలో దూరితే ఎంత ఖర్చవుతుందో లోకానికి తెలిసింది ఆ అమ్మకంతోనే.

1983 చివర్లో గెట్టీ ఆయిల్ పరిస్థితి మన ఊర్లలో పంపకాలు కాని ఆస్తి లాగానే ఉంది. కొడుకు గోర్డన్ గెట్టీ చేతిలో కుటుంబ ట్రస్టు, దానికి నూటికి దగ్గర దగ్గర 40 షేర్లు. పెద్దాయన పేరు మీదున్న మ్యూజియంకి ఇంకో 12. మిగతావి జనం దగ్గర. గోర్డన్‌కీ కంపెనీ బోర్డుకీ పడదు. ఇది చూసి హ్యూస్టన్‌లో ఉన్న పెన్జాయిల్ కంపెనీ ఛైర్మన్ హ్యూ లిడ్కే రంగంలోకి దిగాడు. పెన్జాయిల్ అంటే మన మెకానిక్ షెడ్లలో కనపడే పసుపు డబ్బా ఇంజిన్ ఆయిల్, అదే కంపెనీ. డిసెంబర్ 28న షేరుకి 100 డాలర్ల చొప్పున నూటికి ఇరవై కొంటానని ప్రకటించాడు. తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు. గోర్డన్ ట్రస్టుకి ఏడులో నాలుగు వంతులు, పెన్జాయిల్‌కి ఏడులో మూడు వంతులు, మిగతా వాటాదారులకి డబ్బిచ్చి పంపించేయాలి. ఇదీ ఏర్పాటు. 1984 జనవరి 2న కాగితం మీద పెట్టారు. గోర్డన్ సంతకం పెట్టాడు, మ్యూజియం తరఫున కూడా సంతకం పడింది. బోర్డు ఒప్పుకోవాలి.

బోర్డు న్యూయార్క్‌లో కూర్చుంది. 110 డాలర్లు చాలదన్నారు. మర్నాడు, జనవరి 3న, 110 మీద ఇంకో 5 డాలర్లు తర్వాత ఇచ్చేటట్టయితే సరే అని ఓటేశారు. పదిహేను మంది అవునన్నారు, ఒకరు కాదన్నారు. పెన్జాయిల్ ఆ మాటకి ఒప్పుకుంది. చేతులు కలుపుకున్నారు, శుభాకాంక్షలు చెప్పుకున్నారు. 4వ తేదీన పత్రికలకి ప్రకటన ఇచ్చారు. సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది, పూర్తి అగ్రిమెంట్ రాసుకోవాల్సి ఉంది అని. లాయర్లు అగ్రిమెంట్ రాయడానికి కూర్చున్నారు.

మన భాషలో చెప్పాలంటే మాట అయిపోయింది, అడ్వాన్స్ చేతులు మారింది, స్టాంపు పేపర్ రైటర్ దగ్గర ఉంది.

సరిగ్గా ఆ టైంలో గెట్టీ ఆయిల్ తరఫు బ్యాంకర్ ఇంకెవరైనా ఎక్కువిస్తారేమోనని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. టెక్సాకో ముందుకొచ్చింది. పెన్జాయిల్ కంటే ఎన్నో రెట్లు పెద్ద కంపెనీ. కానీ దాని నేలలో ఆయిల్ నిల్వలు తగ్గిపోతున్నాయి, కొత్తది వెతకడం కంటే ఉన్నది కొనడం చవక. 5వ తేదీ రాత్రి టెక్సాకో ఛైర్మన్ జాన్ మెకిన్లీ గోర్డన్ గెట్టీ దిగిన హోటల్‌కి వెళ్ళాడు. షేరుకి 125 డాలర్లు. 6వ తేదీ పొద్దునకల్లా ప్రకటన వచ్చేసింది, గెట్టీ ఆయిల్ టెక్సాకోది అని. తర్వాత అది 128 అయింది.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, కేసంతా దాని మీదే తిరిగింది. మ్యూజియం వాళ్ళూ ట్రస్టు వాళ్ళూ టెక్సాకోని ఒక హామీ అడిగారు. రేపు పెన్జాయిల్ మా మీద కేసు వేస్తే ఆ నష్టం మీరే భరించాలి అని. టెక్సాకో రాసిచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. నాకు ఎవరైనా స్థలం అమ్ముతూ, పక్కింటాయన కేసేస్తే నువ్వే చూసుకోవాలి అని నా చేత రాయించుకుంటే, పక్కింటాయనతో ముందే ఏదో ఉందని నాకు తెలిసినట్టే కదా?

పెన్జాయిల్ మొదట డెలావేర్ కోర్టుకి వెళ్ళి అమ్మకాన్ని ఆపమంది. కోర్టు ఆపలేదు. ఫిబ్రవరిలో ఆ అర్జీ పోయింది. ఆపే దారి మూసుకుపోయాక లిడ్కే ఇంటి పక్కకి, హ్యూస్టన్‌కి వచ్చాడు. ఈసారి అమ్మినవాళ్ళని వదిలేసి నేరుగా టెక్సాకో మీద కేసు. మా ఒప్పందం నీకు తెలుసు, తెలిసే చెడగొట్టావు, నష్టం కట్టు అని. లాయర్ జో జమైల్, లిడ్కేకి స్నేహితుడు. అప్పటిదాకా ఆయన పేరు కార్పొరేట్ కేసుల్లో కాదు, యాక్సిడెంట్ కేసుల్లో. ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళకి పరిహారం ఇప్పించడంలో దిట్ట.

1985లో నాలుగు నెలలకి పైగా విచారణ నడిచింది. టెక్సాకో వాదన సులభమైనదే. సంతకాలు అన్నీ పడలేదు, పూర్తి అగ్రిమెంట్ లేదు, కాబట్టి ఒప్పందమే లేదు, మమ్మల్ని వాళ్ళే పిలిచారు అని. జమైల్ జ్యూరీ ముందు పెట్టిన ప్రశ్న వేరే. ఆ బోర్డు రూములో చేతులు కలిపినప్పుడు వాళ్ళు కట్టుబడాలనుకున్నారా లేదా? అమ్మకం న్యూయార్క్‌లో జరిగింది కాబట్టి టెక్సస్ కోర్టు న్యూయార్క్ చట్టమే వాడింది. ఆ చట్టం ప్రకారం రాతలు పూర్తి కాకముందే ఇద్దరూ కట్టుబడాలనుకుంటే ఒప్పందం ఉన్నట్టే. టెక్సాకో వాళ్ళు తమ మీటింగుల్లో చేత్తో రాసుకున్న నోట్సు కోర్టులోకి వచ్చాయి. అవతలివాళ్ళ సంతకాలు పూర్తి కాకముందే ఆపాలన్న ఆలోచన అందులో కనిపించింది. హామీ కాగితం ఎలాగూ ఉంది.

నవంబర్ 19న జ్యూరీ తీర్పు చెప్పింది. నష్టపరిహారం 753 కోట్ల డాలర్లు. శిక్షగా ఇంకో 300 కోట్ల డాలర్లు. మొత్తం 1053 కోట్ల డాలర్లు. అప్పటిదాకా అంత పెద్ద తీర్పు అమెరికాలో లేదు.

ఆ 753 ఎలా వచ్చిందో చూస్తే సైట్‌లో కొలతలు తీసే మనలాంటి వాళ్ళకి భలే ఉంటుంది. పెన్జాయిల్‌కి రావాల్సిన ఏడులో మూడు వంతుల్లో సుమారు 100.8 కోట్ల బ్యారెళ్ళ ఆయిల్ ఉంది. ఆ బేరం ప్రకారం బ్యారెల్‌కి పడేది 3.40 డాలర్లు. అదే ఆయిల్ కొత్తగా వెతికి తవ్వుకుంటే పడేది 10.87. తేడా 7.47. గుణించుకోండి. అంతే లెక్క. టెక్సాకో లాయర్లు దీనికి ఎదురు లెక్క పెట్టలేదు. ఒప్పందమే లేదంటున్నప్పుడు నష్టం లెక్క ఎందుకు అనుకున్నారేమో. నా సర్వీసులో ఇదే తప్పు చేసిన సబ్ కాంట్రాక్టర్లని చూశాను. ఆ పని నేను చేయలేదు అని గొంతు చించుకుంటారు, అవతలివాడు పెట్టిన కొలతల పుస్తకం మీద మాత్రం ఒక్క అభ్యంతరం రాయరు. ఆఖరికి ఆ కొలతలే మిగులుతాయి.

తర్వాతిది తొందరగా చెప్పేస్తా. అప్పటి టెక్సస్ రూలు ప్రకారం అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలంటే తీర్పు మొత్తానికి బాండు కట్టాలి. వడ్డీతో 1100 కోట్ల డాలర్లు దాటింది. అంత బాండు ఇచ్చే బ్యాంకు లేదు. 1987 ఫిబ్రవరిలో హ్యూస్టన్ అప్పీలు కోర్టు శిక్ష మొత్తాన్ని 300 కోట్ల నుంచి 100 కోట్లకి దించింది కానీ మిగతాది అలాగే ఉంచింది. ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు కూడా బాండు విషయంలో టెక్సాకోకి దక్కిన రక్షణని తీసేసింది. వారం తిరక్కుండా టెక్సాకో దివాలా రక్షణ కోరింది. చివరికి 300 కోట్ల డాలర్లకి రాజీ. 1988 ఏప్రిల్‌లో ఆ డబ్బు పెన్జాయిల్‌కి ముట్టింది.

కానీ గమనించండి. ఆయిల్ మాత్రం టెక్సాకో దగ్గరే ఉండిపోయింది. గెట్టీ బావులు, వఫ్రాలో సౌదీ వాటా సహా, అన్నీ టెక్సాకోకే వెళ్ళాయి, తర్వాత 2001లో టెక్సాకో షెవ్రాన్‌లో కలిసిపోయినప్పుడు వాళ్ళకి. మధ్యలో దూరినవాడి దగ్గర నుంచి డబ్బు వచ్చింది. కొనాలనుకున్న వస్తువు రాలేదు.

అసలు మధ్యలో దూరినవాడి మీద కేసు వేయొచ్చు అన్న ఆలోచన ఎక్కడిది? ఒప్పందం ఇద్దరి మధ్య. మూడోవాడు దాంట్లో సంతకం పెట్టలేదు. వాడిని ఏ లెక్కన పట్టుకోవాలి? ఇది తెలియాలంటే ఇంగ్లాండుకి పోవాలి. అక్కడ ఇది స్థలంతో మొదలు కాలేదు, ఒక పాటతో మొదలైంది.

1852లో లండన్‌లో రెండు పెద్ద ఒపెరా థియేటర్లు. ఒకదానికి బెంజమిన్ లమ్లీ మేనేజర్, ఇంకోదానికి ఫ్రెడరిక్ గై. జర్మనీ నుంచి జోహన్నా వాగ్నర్ అనే గాయని లమ్లీతో ఒప్పందం చేసుకుంది. మూడు నెలలు, వారానికి రెండు రాత్రులు, ఇంకెక్కడా పాడకూడదు. ఈమె సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్ అన్న పెంచిన కూతురు. గై ఎక్కువ డబ్బు చూపించి ఆమెని తన వైపు లాక్కున్నాడు. లమ్లీ రెండు కేసులు వేశాడు. ఒకటి గాయని మీద. దాంట్లో న్యాయమూర్తి లార్డ్ సెయింట్ లెనార్డ్స్ అన్నది ఇది. నిన్ను బలవంతంగా పాడించలేం, కానీ ఇంకొకడి దగ్గర పాడకుండా ఆపగలం. ఆమె ఆ సీజన్‌లో ఎవరి దగ్గరా పాడలేదు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ లండన్ వచ్చి లమ్లీ థియేటర్‌లోనే పాడింది, అది వేరే సంగతి.

రెండో కేసు గై మీద. 1853లో తీర్పు. నలుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు చెప్పింది, తెలిసి కూడా ఒకరి ఒప్పందాన్ని చెడగొట్టేలా ప్రేరేపించినవాడు ఆ నష్టానికి బాధ్యుడు అని. టెక్సాకో మీద పడిన 1053 కోట్ల డాలర్ల తీర్పుకి విత్తనం ఇదే.

నాలుగో న్యాయమూర్తి కోల్రిడ్జ్ ఒప్పుకోలేదు. ఆయన రాసింది మన గల్ఫ్ జనం తెలుసుకోవాల్సింది. ఈ రకం కేసుకి మూలం పద్నాలుగో శతాబ్దపు కూలీల చట్టంలో ఉంది, అది పనివాళ్ళకే గానీ అందరికీ కాదు అన్నాడు. నిజమే. 1348లో ఇంగ్లాండుకి ప్లేగు వచ్చి మూడింట ఒక వంతు, ఇంకా ఎక్కువ మందే పోయారు. కూలీలు తక్కువయ్యారు, బతికినవాళ్ళు ఎక్కువ కూలి అడగడం మొదలుపెట్టారు. వెంటనే 1349లో ఒక ఆర్డినెన్సు, 1351లో ఒక చట్టం. కూలి రేట్లు ప్లేగుకి ముందున్నట్టే ఉండాలి. గడువు తీరకుండా యజమానిని వదిలి పోకూడదు. అలా వచ్చినవాడిని ఇంకో యజమాని పనిలో పెట్టుకుంటే వాడికీ శిక్షే.

అంటే మధ్యలో దూరినవాడి మీద కేసు పుట్టింది కొనుగోలుదారుడిని కాపాడటానికి కాదు. కూలివాడు ఇంకో కంపెనీకి పోకుండా కట్టెయ్యడానికి. రిలీజ్ ఇవ్వని కఫీల్ దగ్గర పనిచేసినవాడికి ఈ వాసన వెంటనే తెలుస్తుంది. ఖతార్ 2020లో ఎన్ఓసీ లేకుండా కంపెనీ మారొచ్చు అని చట్టం మార్చేదాకా అక్కడ మనవాళ్ళు ఆరువందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు కూలీ పడ్డ తిప్పలే పడ్డారు. అందుకే నాకు ఈ చట్టం మీద రెండు మనసులు. స్థలం కొనేవాడిగా చూస్తే కావాలనిపిస్తుంది. కూలికి వచ్చినవాడిగా చూస్తే భయమేస్తుంది.

లమ్లీ కథకి ఒక కొస ఉంది. సూత్రం గెలిచాడు గానీ డబ్బు గెలవలేదు. ఆ తర్వాత జ్యూరీ ముందు విచారణ జరిగినప్పుడు, గాయని ఒప్పందం చెల్లదని గై నిజంగానే నమ్మాడు అని జ్యూరీ తేల్చింది. లమ్లీ ఓడిపోయాడు. తెలియడం అంటే ఒప్పందం ఉందని వినడం ఒక్కటే కాదు, అది కట్టుబడాల్సిన ఒప్పందమని తెలియడం కూడా. 2007లో ఇంగ్లాండు లార్డ్స్ సభ మళ్ళీ అదే గట్టిగా చెప్పింది. నిజంగా తెలిసి ఉండాలి, లేదా కావాలని కళ్ళు మూసుకుని ఉండాలి.

ఈ గల్ఫ్ నేల మీదా ఈ ప్రశ్న పాతదే. సోదరుడి బేరం మీద బేరం చేయొద్దని ప్రవక్త బోధ, హదీసుల్లో ఉంది, ఇక్కడి దుకాణదారులు చాలామందికి తెలుసు. అలా జరిగిన అమ్మకం చెల్లుతుందా అన్నదాని మీద మాత్రం ధర్మశాస్త్ర పండితుల్లో తేడా ఉంది. పాపమే గానీ అమ్మకం చెల్లుతుంది అన్నవాళ్ళు ఎక్కువ, అసలు చెల్లదన్నవాళ్ళు కొందరు. చూశారా, ఇక్కడా అదే చిక్కు. తప్పు అనడం సులభం. వస్తువు ఎవరి దగ్గర ఉండాలి అన్నదే కష్టం.

మన దేశంలో ఆ కష్టమైన దానికే జవాబు ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో నష్టం కట్టమని అడిగే దారి మన కోర్టుల్లోనూ ఉంది కానీ స్థలాల విషయంలో ఎక్కువగా నడిచే దారి అది కాదు. మనది నేరుగా స్థలం వెంట పోతుంది.

ముందు ఒక చేదు మాట. అడ్వాన్స్ ఇవ్వగానే స్థలం సగం మనదైపోయినట్టు అనుకుంటాం. కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ సూటిగా చెప్తుంది. అమ్ముతానన్న ఒప్పందం వల్ల ఆ ఆస్తి మీద ఏ హక్కూ పుట్టదు. పుట్టేదల్లా "నాకు రాసివ్వు" అని అడిగే హక్కు. మరి వాడు ఇంకొకరికి రాసిచ్చేశాక ఎవరిని అడగాలి?

దానికి జవాబు 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోనే వచ్చింది, ఇప్పుడున్న 1963 చట్టంలో 19వ సెక్షన్‌లో ఉంది. ఒప్పందాన్ని అమ్మినవాడి మీదే కాదు, వాడి తర్వాత ఆ ఆస్తి రాయించుకున్నవాడి మీద కూడా అమలు చేయించవచ్చు. ఒక్కడికే మినహాయింపు. డబ్బు పూర్తిగా కట్టి, మంచి మనసుతో, ముందటి ఒప్పందం సంగతి తెలియకుండా కొన్నవాడికి. నాకు తెలియదు అని నిరూపించుకోవాల్సిన మొదటి భారం కూడా ఆ కొన్నవాడి మీదే. ఇంగ్లాండులో లమ్లీ మోసిన బరువు ఇక్కడ గై మోయాలన్నమాట.

గెలిచాక ఏం జరుగుతుంది? మొదటి రిజిస్ట్రేషన్ కొట్టేసి అమ్మినవాడి చేత మళ్ళీ రాయించాలా, లేక రెండోవాడే నేరుగా మనకి రాయాలా? దీని మీద కోర్టులు తలోదారి పట్టాయి. 1953లో లాలా దుర్గాప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రాసింది జస్టిస్ వివియన్ బోస్. అమ్మినవాడు మనకి రాయాలి, ఆ రాతలో రెండో కొనుగోలుదారుడు కూడా చేరి తన దగ్గరకి వచ్చిన హక్కుని మనకి వదలాలి. ఆ ఇద్దరి మధ్య ఉన్న లెక్కలు వాళ్ళే తేల్చుకోవాలి. ఇప్పటికీ ఆ పద్ధతే. పెన్జాయిల్‌కి దొరకనిది, అంటే అనుకున్న వస్తువే తిరిగి చేతికి రావడం, రాయచోటిలో ఐదు సెంట్లు కొనేవాడికి దొరికే అవకాశం ఉంది.

అయితే "తెలుసు" అన్నది ఎలా చూపించాలి? 1929లో ఆస్తి బదిలీ చట్టానికి కొన్ని వివరణలు చేర్చారు. వాటి ప్రకారం, రిజిస్టరు చేయాల్సిన పత్రం సరిగా రిజిస్టరైతే తర్వాత కొన్నవాడికి తెలిసినట్టే లెక్క, వాడు చూసినా చూడకపోయినా. స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్ళ హక్కు కూడా తెలిసినట్టే లెక్క. నువ్వు కంచె వేసుకుని ఉంటే, ఎందుకు వేశావని కొనేవాడు అడగాలి. తెల్ల కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటే, ఎవరికి తెలిసినట్టు?

ఇంకో దారి 52వ సెక్షన్. కోర్టులో దావా పడ్డాక, అది నడుస్తుండగా ఎవరు కొన్నా తీర్పుకి లోబడే కొన్నట్టు. అక్కడ వాడికి తెలుసా తెలియదా అన్నదే రాదు. కాబట్టి బేరం చెడుతోందని వాసన తగలగానే, ఇంకా రెండో రిజిస్ట్రేషన్ కాకముందే, లాయర్ చేత అమ్మేవాడికీ, కొనబోతున్నాడని వినపడినవాడికీ ఇద్దరికీ అందినట్టు రుజువు ఉండేలా పోస్టులో నోటీసు పంపి, దావా వేసి, అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. నోటీసు అందుకున్నాక "నాకు తెలియదు" అనే మాట వాడి నోట రాదు. ఆ రుజువు దాచుకోండి, టెక్సాకో రాసిచ్చిన హామీ కాగితం చేసిన పని అది మీకు చేస్తుంది.

దూరంగా ఉన్నవాళ్ళకి ఇందులో రెండు మూడు చిక్కులున్నాయి. దావా వేయడానికి గడువు మూడేళ్ళు. ఒప్పందంలో రిజిస్ట్రేషన్ తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే వాడు రాయనన్నట్టు మనకి తెలిసిన రోజు నుంచి. "ఈసారి లీవుకి పోయినప్పుడు చూద్దాం" అని రెండు లీవులు పోతే గడువు దగ్గరకొచ్చేస్తుంది. రెండోది, మిగతా డబ్బు ఇవ్వడానికి నేను మొదటి నుంచీ సిద్ధంగానే ఉన్నాను అని చూపించుకోవాలి. మాటతో కాదు, బ్యాంకు లెక్కలతో. అడ్వాన్సు హవాలాలో పంపి, బావమరిది చేత్తో ఇప్పించి, మిగతాది చీటీ పాడి ఇస్తాలే అనుకుంటే కోర్టులో చూపించడానికి ఏముంటుంది? 2018లో చట్టం మార్చాక ఒప్పందం అమలు చేయించాలా వద్దా అన్నదాంట్లో జడ్జి ఇష్టాయిష్టాలకి చోటు బాగా తగ్గింది. కానీ సిద్ధంగా ఉన్నామని చూపించే బాధ్యత మనమీద నుంచి పోలేదు.

మూడోది, నేనే ఊర్లో లేకపోతే కేసు ఎవరు చూస్తారు? ఎంబసీలో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి అటెస్ట్ చేయించి పంపొచ్చు. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపల స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది చాలామంది మర్చిపోతారు, కాగితం సూట్‌కేసులో పసుపెక్కిపోతుంది.

ఇవన్నీ ఇప్పుడు ఇంత వివరంగా చెప్తున్నానంటే ఊరికే కాదు. పన్నెండేళ్ళ కిందట మా ఊరి బయట రోడ్డు పక్కన ఆరు సెంట్లు బేరం చేశాం. అమ్మేది మా నాయనకి తెలిసిన పెద్దాయన. రెండు లక్షలు అడ్వాన్సు మా బావ చేతులమీదుగా, టీ కొట్టు బెంచీ మీద, లెక్కబెట్టి ఇచ్చారు. కాగితం వద్దులే, మాట ఉంది కదా అన్నారు. నేను ఇక్కడి నుంచి ఫోన్‌లో విన్నాను, సరే అన్నాను. నాలుగు నెలల తర్వాత లీవు మీద పోతే స్థలం చుట్టూ కడీలు పాతి ఉన్నాయి. అదే ఊరి మనిషే, నాలాగే గల్ఫ్‌లో ఉండి వచ్చినవాడే, సెంటుకి ముప్పై వేలు ఎక్కువిచ్చి రాయించుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చిన రోజు ఆ బెంచీ మీదే అవతల కొసన కూర్చుని టీ తాగుతున్నాడని మా బావ చెప్పాడు. టీ కొట్టాయన కూడా అదే చెప్పాడు, ఇంట్లో చెప్పాడు. పెద్దమనుషుల ముందుకి రమ్మంటే మాత్రం నాకు గుర్తులేదబ్బీ అన్నాడు.

రెండు లక్షలు తిరిగి వచ్చాయి, ఏడాది పట్టింది, మూడు విడతల్లో. కేసు వేయలేదు. వేసుంటే ఏం చూపించేవాడిని? డబ్బు ఇచ్చినట్టు కాగితం లేదు. వాడికి తెలుసన్నదానికి సాక్షి లేడు. నాకు తెలుసు, మా బావకి తెలుసు, వాడికి తెలుసు. కోర్టుకి తెలియదు.

పోయిన నెల మా తమ్ముడు వరస అబ్బాయి మదనపల్లె వైపు నాలుగు సెంట్లు చూశాడు. సాల్మియాలో నా రూముకి వచ్చి ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాళ్ళ చిన్నాయనతో మాట్లాడిస్తున్నాడు. చిన్నాయన ఆనందంగా చెప్తున్నాడు. "అంతా సెటిలైపోయింది రా, లక్ష ఇచ్చేద్దాం, మనోళ్ళే, కాగితం ఎందుకు." నేను ఫోన్ తీసుకున్నా. "చిన్నాయనా, డబ్బు బ్యాంకులో వేద్దాం. ఈసీ తీయించు. అగ్రిమెంట్ స్టాంపు పేపర్ మీద రాయించి, రిజిస్టరు చేయించడానికి ఎంతవుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కో. ఆ కాగితం మీద సాక్షి సంతకాలు మన ఇంటివాళ్ళవి వద్దు, వాళ్ళ వైపు మనిషి ఒకడు, ఊర్లో వేరే మనిషి ఒకడు ఉండాలి."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చిన్నాయన అడిగాడు, "ఇంత అనుమానం ఎందుకు రా?"

"ఇప్పుడు నీ పక్కన ఎవరెవరు కూర్చున్నారు చిన్నాయనా?" అన్నాను.